పసుపు పెట్టె నుంచి ప్రమాణపత్రం దాకా: వాకాడు ఓటరుకు అభ్యర్థి తెలిసిన తీరు

స్వర్ణముఖి నది బంగాళాఖాతంలో కలిసే చోటికి కొంత ఎగువన, తీరపు ఇసుక నేలలకూ వరి మాగాణులకూ నడుమ ఉన్న వాకాడు చరిత్ర పుస్తకాల్లో సాధారణంగా రెండు సందర్భాల్లో కనిపిస్తుంది. మద్రాసు కోట కంటే ముందే, 1626 ప్రాంతంలో, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఈ మండలంలోని దుగరాజపట్నంలో స్థావరం ఏర్పరచుకోవడం ఒకటి. 1990 డిసెంబరు 17 నుంచి 1992 అక్టోబరు 9 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా పనిచేసిన నేదురుమల్లి జనార్దనరెడ్డి 1935లో ఇక్కడ జన్మించడం మరొకటి. ఈ రెండింటి వెలుగులో పడి కనిపించకుండా పోయిన మూడో చరిత్ర ఇక్కడి ఓటరుది. ఎవరికి ఓటు వేయాలో నిర్ణయించుకునే ముందు ఆ అభ్యర్థి ఎవరో, అతని వెనుక ఉన్న పార్టీ ఏమిటో ఈ ఓటరుకు ఏ దారిన తెలిసింది, ఆ సంగతి ఎవరు మోసుకొచ్చారు, మోసుకొచ్చినవారికి అందులో ఏం లాభం ఉంది అన్న ప్రశ్నలను పట్టుకుని వెనక్కి వెళితే, నేడు చేతి ఫోనులో తెరుచుకునే అభ్యర్థుల సమాచార వెబ్‌సైట్లు హఠాత్తుగా ఊడిపడినవి కావనీ, నూరేళ్ల లోటును పూడ్చడానికి జరిగిన ప్రయత్నంలో అవి ఒక మజిలీ మాత్రమేననీ అర్థమవుతుంది.

1919 భారత ప్రభుత్వ చట్టం కింద మద్రాసు శాసన మండలికి 1920లో ఎన్నికలు జరిగినప్పుడు వాకాడు నెల్లూరు జిల్లా గూడూరు తాలూకాలో ఉండేది. అప్పటి ఓటు హక్కు ఆస్తికీ పన్నుకూ ముడిపడి ఉన్నది కనుక, శిస్తు కట్టే పట్టాదారుల్లో కొంత స్థాయి ఉన్నవారే ఓటర్లు. కౌలుదారులు, వ్యవసాయ కూలీలు, తీరం వెంబడి వల వేసి బతికే బెస్తలు దాదాపు పూర్తిగా జాబితాకు బయటివారే. మద్రాసు శాసన మండలి 1921లో స్త్రీలకు ఓటు హక్కు ఇస్తూ తీర్మానం చేసిన మాట నిజమే కానీ, ఆస్తి నిబంధన అలాగే ఉండటంతో పల్లెల్లో దానివల్ల లాభపడిన స్త్రీలు బహు కొద్దిమంది. ఇంత చిన్న ఓటర్ల సమూహంలో అభ్యర్థి గురించి తెలుసుకోవడం ఒక సమస్యగా ఎవరికీ తోచలేదు, ఎందుకంటే అభ్యర్థి, ఓటరు, ఇద్దరినీ ఎరిగిన కరణం, మునసబు అందరూ ఒకే వలయంలోని మనుషులు. పోటీకి దిగినవారు సాధారణంగా పెద్ద భూస్వాములో న్యాయవాదులో అయ్యేవారు. వారి వంశం, ఆస్తి, అప్పులు, కోర్టు తగాదాలు కచేరీ అరుగు మీద అందరికీ తెలిసిన సంగతులే. ఒక రకంగా చూస్తే, ఈనాడు చట్టం బలవంతంగా చెప్పిస్తున్న విషయాలన్నీ ఆనాటి ఓటరుకు అడగకుండానే తెలుసు. తెలియనిదల్లా శాసన మండలిలో అతను ఏం చేయబోతున్నాడన్నదే.

1935 చట్టం ఓటర్ల సంఖ్యను పెంచింది, దానితోపాటు చదువు రాని ఓటరు తొలిసారి పెద్ద సంఖ్యలో పోలింగు కేంద్రానికి వచ్చాడు. 1937 ఎన్నికల్లో మద్రాసు రాష్ట్రంలో ఈ ఇబ్బందికి కనిపెట్టిన ఉపాయం రంగు పెట్టెలు. అభ్యర్థికి ఒక రంగు చొప్పున వేర్వేరు పెట్టెలు ఉంచితే, ఓటరు తనకిచ్చిన చీటీని కోరుకున్న రంగు పెట్టెలో వేసేవాడు. కాంగ్రెసు పెట్టె పసుపు రంగుది కావడంతో, ఆ పార్టీ ప్రచారమంతా పసుపు పెట్టెలో చీటీ వేయండన్న ఒక్క మాట చుట్టూ తిరిగింది. 215 స్థానాల శాసనసభలో కాంగ్రెసు 159 గెలుచుకోవడానికి జాతీయోద్యమ ఊపు ప్రధాన కారణమే అయినా, అభ్యర్థి పేరు కూడా తెలియనక్కర లేకుండా ఓటు వేయగల ఏర్పాటు అక్కడే మొదలైంది. పసుపు రంగుకు వేసిన ఓటు ఒక మనిషికి వేసినది కాదు, గాంధీకో కాంగ్రెసుకో వేసినది. నెల్లూరు జిల్లాకే చెందిన బెజవాడ గోపాలరెడ్డి ఆ ఎన్నికల తరువాత రాజాజీ మంత్రివర్గంలో స్థానం పొందారు.

ఆ కాలంలో ఊళ్లోకి బయటి నుంచి వచ్చే రాతపూర్వక సమాచారానికి ఒక ముఖ్యమైన వాహకం వార పత్రిక. 1920ల చివర నెల్లూరులో వెలువడిన ‘జమీన్ రైతు’, పేరులోనే చెప్పినట్టు, జమీందారీ రైతుల పక్షాన, ముఖ్యంగా వెంకటగిరి సంస్థానపు రైతుల గొంతుగా పనిచేసింది. నెల్లూరు వెంకట్రామానాయుడు నడిపిన ఆ పత్రిక తటస్థమైనది కాదు, తటస్థతను అది కోరుకోనూ లేదు. జస్టిస్ పార్టీకి జమీందారుల అండ ఉన్న రోజుల్లో అభ్యర్థి రైతు పక్షమా దొర పక్షమా అన్న ప్రశ్నను అచ్చులో అడిగే పత్రిక పల్లెకు చేరడమే గొప్ప మార్పు, ఎందుకంటే అంతవరకు ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం దొర దగ్గర పనిచేసేవారికే ఉండేది. రచ్చబండ దగ్గర చదువు వచ్చిన ఒకడు పైకి చదువుతుంటే పదిమంది వినడం తెలుగు పల్లెల్లో మామూలు కనుక, పత్రిక ప్రతులు కొద్దివే అయినా దాని మాట ప్రతుల లెక్కకు మించి వ్యాపించేది.

వయోజనులందరికీ ఓటు హక్కు వచ్చిన తరువాత జరిగిన 1952 ఎన్నికల్లో రంగుల స్థానాన్ని గుర్తులు ఆక్రమించాయి. అభ్యర్థికి ఒక ఇనుప పెట్టె, దాని మీద గుర్తు అతికించిన కాగితం, తెర వెనుక వరుసగా ఆ పెట్టెలు, ఓటరు చేతిలో రూపాయి నోటంత చీటీ: ఇదీ ఆనాటి ఏర్పాటు. చీటీ మీద ఏమీ రాయనక్కర లేదు, ముద్ర వేయనక్కర లేదు, నచ్చిన గుర్తున్న పెట్టెలో వేస్తే చాలు. కాంగ్రెసుకు కాడి కట్టిన జోడెద్దులు, కమ్యూనిస్టులకు కంకి కొడవలి, ప్రకాశం పంతులు నాయకుడిగా ఉన్న కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీకి గుడిసె. పోలింగు రోజున తెర వెనకకు వెళ్లిన రైతు కూలీకి ఎదురైనవి మనుషుల పేర్లు కావు, అతని రోజువారీ బతుకులోని వస్తువులు. ఎద్దుల బొమ్మ చూసి ఓటు వేయడంలో ఉన్న సుఖం పార్టీల ప్రణాళికలు చదివి ఓటు వేయడంలో లేదు. గుర్తును అభ్యర్థికి బదులు నిలబెట్టిన ఈ పద్ధతి అక్షరాస్యత తక్కువ ఉన్న దేశంలో ప్రజాస్వామ్యాన్ని సాధ్యం చేసింది, అందులో సందేహం లేదు. అదే పద్ధతి అభ్యర్థిని గుర్తు చాటున దాచడానికి కూడా పనికొచ్చింది. కొన్ని నియోజకవర్గాల నుంచి ఇద్దరు సభ్యులు ఎన్నికయ్యే ద్విసభ్య విధానం 1961 వరకు కొనసాగడంతో, ఎవరికి వేసిన చీటీ ఎవరిని గెలిపించిందో చదువుకున్నవాడికి కూడా ఓపట్టాన అంతుపట్టేది కాదు. 1962 సార్వత్రిక ఎన్నికల నాటికి వేర్వేరు పెట్టెలు పోయి, అందరి పేర్లూ గుర్తులూ ఉన్న ఒకే బ్యాలెట్ కాగితం మీద ముద్ర వేసే పద్ధతి దేశమంతటా వచ్చింది. అక్కడితో అభ్యర్థి పేరు, కనీసం కాగితం మీద, ఓటరు కంటి ముందుకు చేరింది.

పత్రికల పాత్రకు 1955 ఫిబ్రవరి నాటి ఆంధ్ర రాష్ట్ర మధ్యంతర ఎన్నికలు గొప్ప ఉదాహరణ. నెల్లూరు జిల్లా అలగానిపాడుకు చెందిన పుచ్చలపల్లి సుందరయ్య వంటి నాయకులున్న కమ్యూనిస్టు పార్టీ అధికారంలోకి వస్తుందన్న అంచనాల మధ్య, నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలోని ‘ఆంధ్రప్రభ’తో సహా పెద్ద దినపత్రికలు ఆ పార్టీకి వ్యతిరేకంగా తీవ్ర ప్రచారం చేశాయి. ఐక్య కాంగ్రెసు కూటమికి 196 స్థానాల్లో 146 దక్కగా కమ్యూనిస్టులకు మిగిలినవి 15. పార్టీల సిద్ధాంతాల గురించి తెలుగు ఓటరు అంత విస్తారంగా చదివిన ఎన్నిక అంతకుముందు లేదు, ఏకపక్షంగా చదివిన ఎన్నిక కూడా అంతకుముందు లేదు.

అయితే తీర గ్రామాల్లో అచ్చు కాగితం కంటే మనిషి మాట బలమైనది. నెల్లూరు తీరం వెంబడి ఉన్న మత్స్యకార పల్లెల్లో కుల పెద్దలైన కాపులు ఊరంతటికీ వర్తించేలా వేసే కట్టుబాటును దురాయి అంటారు. వేటకు, తగవులకు, ఊరుమ్మడి ఖర్చులకు సంబంధించిన ఈ కట్టుబాటును మీరడం ఊరిని మీరడమే కనుక, ఎన్నికల వేళ తూపిలిపాళెం వంటి ఊరికి ఓట్లడగడానికి వచ్చిన నాయకుడు ముందుగా పెద్దలను కలవడంలో ఆశ్చర్యం లేదు. దీన్ని కేవలం అణచివేతగా చూడటం పొరపాటు. జెట్టీ కావాలనో, తుఫాను షెల్టరు కావాలనో, రోడ్డు కావాలనో ఊరంతా కలిసి బేరమాడే శక్తి విడివిడి ఓటుకు లేదు. కానీ ఆ బేరంలో అభ్యర్థి గురించి తెలుసుకునే పని కూడా పెద్దలకే దఖలు పడుతుంది. సామాన్య ఓటరు చేతికి వచ్చేది విచారణ కాదు, తీర్పు. మాగాణి ఊళ్లలో ఇదే పనిని పెద్దిళ్లు చేశాయి. వాకాడు నేదురుమల్లి కుటుంబం రాష్ట్ర రాజకీయాల్లో ఎంత దూరం వెళ్లిందో, చుట్టుపక్కల ఊళ్లలో ఫలానా పార్టీ ఏమిటన్న ప్రశ్నకు పెద్దిల్లు ఎటుంటే అటే అన్న జవాబు అంత సులువుగా స్థిరపడింది. గూడూరు స్థానం ఎస్సీలకు రిజర్వు అయి ఉండగా జనార్దనరెడ్డి 1989లో పక్కనున్న వెంకటగిరి నుంచి శాసనసభకు ఎన్నిక కావడం, ఆయన భార్య రాజ్యలక్ష్మి 1999లోనూ 2004లోనూ అక్కడి నుంచే గెలవడం వల్ల, వాకాడు ఓటరు ఒక వింత పరిస్థితిలో మిగిలాడు: తన ఊరి నాయకుడికి తాను ఓటు వేయలేడు, తాను ఓటు వేసే అభ్యర్థి గురించి తన ఊళ్లో తెలిసింది తక్కువ.

ఎన్నికల కరపత్రానికి ఈ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. ప్రజా ప్రాతినిధ్య చట్టంలో 127ఎ సెక్షను ప్రకారం ఎన్నికల కరపత్రం, గోడపత్రిక ఏదైనా సరే, దాని మీద ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, చిరునామాలతో ఉండాలి. ప్రచురణకర్త సంతకంతో కూడిన ప్రకటన ముద్రాపకుడి దగ్గర ఉండాలి. ముద్రణ తరువాత దాని ప్రతి అధికారులకు చేరాలి. గోడ మీద అతికించిన కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో కనిపించే ఆ పంక్తిని ఓటర్లలో చదివేవారు అరుదు. అయినా సమాచారం ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చెప్పాలన్న సూత్రం భారత ఎన్నికల చట్టంలోకి ప్రవేశించిన తొలి చోట్లలో అదొకటి. గోడపత్రికలో ఏం రాశారన్నది మాత్రం రాసినవాడి ఇష్టమే: త్యాగశీలి, పేదల పెన్నిధి, బడుగుల ఆశాజ్యోతి. అభ్యర్థి ఆస్తి ఎంతో, అతని మీద ఏ కేసులున్నాయో చెప్పే కరపత్రం ప్రత్యర్థి అచ్చు వేయిస్తే తప్ప వచ్చేది కాదు, ప్రత్యర్థి వేయిస్తే దాన్ని నమ్మేవారూ తక్కువే.

గుర్తుల రాజ్యం ఎంత బలమైనదో 1978, 1983 ఎన్నికలు చూపించాయి. కాంగ్రెసు చీలిక తరువాత ఇందిరాగాంధీ వర్గానికి వచ్చిన హస్తం గుర్తు 1978 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో కొత్తగా ఓటరు ముందుకు వచ్చింది. కాంగ్రెసు పాత గుర్తయిన ఆవూదూడకు అలవాటు పడిన ఊళ్లకు చెయ్యి గుర్తు నేర్పడానికి కొద్ది వారాలే దొరికినా ఆ పార్టీ 294 స్థానాల్లో 175 గెలిచింది. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం 1983 జనవరిలో సైకిలు గుర్తుతో అధికారంలోకి వచ్చినప్పుడు, దాని అభ్యర్థుల్లో చాలామంది రాజకీయాలకు కొత్తవారు, నియోజకవర్గానికే సరిగా తెలియనివారు. చైతన్య రథం మీద నుంచి వినిపించిన ఎన్టీ రామారావు గొంతే వారందరి తరఫునా హామీ. నూతన ముఖాలు శాసనసభకు రావడానికి అది మంచి అవకాశమే, అభ్యర్థి పరిచయం అక్కర లేని ఎన్నికకు అది పరాకాష్ఠ కూడా.

నెల్లూరు జిల్లాలో దీనికి భిన్నమైన ఒక మలుపు ఎన్నికల ప్రచారం నుంచి కాక, రాత్రి బడి నుంచి వచ్చింది. 1990ల మొదట్లో జిల్లాలో సాగిన అక్షరాస్యతా ఉద్యమపు వాచకాల్లో సారా వల్ల చితికిన కుటుంబాల కథలు పాఠాలుగా చేరాయి. దూబగుంటలో మొదలై జిల్లా అంతటా పాకిన సారా వ్యతిరేక ఉద్యమంలో స్త్రీలు సారా దుకాణాలను మూయించి, వేలం పాటలను అడ్డుకున్నారు. 1992లో అది ఉద్ధృతమైనప్పుడు ముఖ్యమంత్రి పీఠంలో ఉన్నది ఈ జిల్లా మనిషే, వాకాడు మనిషే కావడం చరిత్రలోని వింతల్లో ఒకటి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో మద్యనిషేధం ప్రధాన వాగ్దానమైంది. పార్టీ ఏం చెబుతోందో వినడం దగ్గర ఆగకుండా, తమకు కావలసినదాని మీద పార్టీ చేత మాట ఇప్పించుకున్న ఓటర్లు ఆ స్త్రీలు. ఓటరు చైతన్యం గురించి రాసేటప్పుడు న్యాయస్థానాల తీర్పుల కంటే ముందు వీరిని తలచుకోవడం న్యాయం.

అభ్యర్థి గురించిన సమాచారాన్ని అభ్యర్థి చేతే ప్రమాణపూర్వకంగా చెప్పించాలన్న ఆలోచన 1990ల చివర రూపు దిద్దుకుంది, అందులో తెలుగువారి పాలు కొంచెం కాదు. జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి అధ్యక్షతన లా కమిషన్ 1999 మేలో సమర్పించిన 170వ నివేదిక ఎన్నికల చట్టాల సంస్కరణను సమగ్రంగా ప్రతిపాదించింది. ఐఏఎస్ ఉద్యోగాన్ని వదిలి వచ్చిన జయప్రకాశ్ నారాయణ 1996లో హైదరాబాదు కేంద్రంగా నెలకొల్పిన లోక్‌సత్తా, 1999 శాసనసభ ఎన్నికల వేళ ‘ఎలక్షన్ వాచ్’ పేరుతో నేరచరిత్ర ఉన్న అభ్యర్థుల జాబితాను ప్రకటించింది. అప్పటికి దీనికి చట్టబద్ధమైన ఆధారపత్రం ఏదీ లేదు కనుక, పౌర సంఘం తన శ్రమతో వివరాలు సేకరించి, తన పరువును పణంగా పెట్టి ప్రకటించవలసి వచ్చింది. ఆక్షేపించిన అభ్యర్థి కోర్టుకెక్కితే నిరూపించుకోవలసిన భారమూ తనదే. ఎవరో ఒకరు చెప్పే మాట కంటే అభ్యర్థే సంతకం చేసిన కాగితం ఎందుకు అవసరమో ఆ అనుభవం తేటతెల్లం చేసింది.

అదే ఏడు చివర, అహ్మదాబాదులోని ఐఐఎం ఆచార్యులు స్థాపించిన అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్, పత్రికలు ఏడీఆర్ అని పిలిచే సంస్థ, లా కమిషన్ సిఫార్సులను అమలు చేయించాలని ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2000 నవంబరు 2న హైకోర్టు ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2002 మే 2న సమర్థిస్తూ, అభ్యర్థి మీద పడిన శిక్షలు, పెండింగు కేసులు, తనవీ జీవిత భాగస్వామివీ ఆధారపడినవారివీ ఆస్తులు, అప్పులు, చదువు ఓటరుకు తెలియాలని చెప్పింది. ఎన్నికల సంఘం జూన్ 28న ఆ మేరకు ఆదేశాలిచ్చింది. దీన్ని వ్యతిరేకించడంలో మాత్రం, ఏ విషయం మీదా కలవని పార్టీలన్నీ ఒక్కటయ్యాయి. కేంద్రం తెచ్చిన ఆర్డినెన్సును రాష్ట్రపతి అబ్దుల్ కలాం ఒకసారి తిప్పి పంపి, మళ్లీ వచ్చిన తరువాత 2002 ఆగస్టు 24న సంతకం చేశారు. తరువాత చట్టంగా మారిన ఈ సవరణలోని 33బి సెక్షను, కోర్టు ఏం చెప్పినా సరే, చట్టంలో అడిగిన వివరాలకు మించి అభ్యర్థి చెప్పనక్కర లేదని తేల్చేసింది. దీని మీద సుప్రీంకోర్టుకు వెళ్లిన మూడు పిటిషన్లలో ఒకటి పౌరహక్కుల సంఘమైన పీయూసీఎల్‌ది, ఒకటి ఏడీఆర్‌ది, మూడోది లోక్‌సత్తాది. 2003 మార్చి 13న కోర్టు 33బిని కొట్టివేసింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ పి. వెంకటరామరెడ్డి ఆ ధర్మాసనంలో విడిగా రాసిన తీర్పులో ఓటు హక్కును కేవలం చట్టం ఇచ్చిన హక్కుగా కాక రాజ్యాంగం నుంచి వచ్చిన హక్కుగా పరిగణించారు. 2004 ఎన్నికల నాటికి ఈ ప్రమాణపత్రం నామినేషనులో విడదీయరాని భాగమైంది.

ఫారం 26 అని పిలిచే ఈ ప్రమాణపత్రాన్ని ఒకసారి దగ్గరగా చూడటం అవసరం. నోటరీ లేదా మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణం చేసి సంతకం పెట్టిన ఈ పత్రంలో పాన్ నంబరు, ఆదాయపు పన్ను రిటర్నుల్లో చూపిన ఆదాయం, చేతిలోని నగదు, బ్యాంకు డిపాజిట్లు, వాహనాలు, బంగారం తూకంతో సహా, సాగు భూమి సర్వే నంబర్లతో, ఇళ్లు, స్థలాలు, బ్యాంకులకు, ప్రభుత్వానికి ఉన్న బకాయిలు, కేసు ఉంటే ఎఫ్‌ఐఆర్ నంబరు, పోలీసు స్టేషను, సెక్షన్లు, కోర్టులో ఏ దశలో ఉందో అన్నీ గడుల్లో నింపాలి. గడి ఖాళీగా వదలడం కుదరదని సుప్రీంకోర్టు 2013 సెప్టెంబరు 13న స్పష్టం చేసింది. తప్పు చెబితే 125ఎ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. భూమి సర్వే నంబరుతో కనిపించే చోట పల్లె ఓటరు చూపు ఆగుతుంది, ఎందుకంటే ఆ నంబరు ఏ చెరువు కిందదో, అక్కడ ఎకరం ధర ఎంతో అతనికి కోర్టు కంటే బాగా తెలుసు. కాగితం మీద రాసిన విలువకూ ఊళ్లో నడిచే విలువకూ ఉన్న తేడాను అతనికి ఏ విశ్లేషకుడూ చెప్పనక్కర లేదు.

కానీ ఆ కాగితం మొదట్లో ఊరిదాకా రాలేదు. నియోజకవర్గ కేంద్రంలో రిటర్నింగ్ అధికారి, అంటే ఆ స్థానంలో ఎన్నిక నిర్వహించే అధికారి, తన కార్యాలయం నోటీసు బోర్డు మీద ప్రతిని అతికిస్తారు. వాకాడు ఓటరు దాన్ని చూడాలంటే పని మానుకుని గూడూరు వెళ్లాలి. వెబ్‌సైట్ల అవసరం సరిగ్గా ఇక్కడ పుట్టింది. ఏడీఆర్ నడిపే ‘మైనేత’ వంటి వెబ్‌సైటు నిర్మాణంలో కంప్యూటర్ విద్య కంటే గుమాస్తాగిరీ ఎక్కువ. స్కాన్ చేసి ఎన్నికల సంఘం పెట్టిన పత్రాల్లో కొన్ని టైపు చేసినవి, కొన్ని చేతిరాతవి, కొన్ని వంకరగా పడినవి. వాటిలోని ప్రతి గడినీ మనిషి చదివి, అంకెలు ఎక్కించి, మొత్తం కూడి, అభ్యర్థి వేసిన కూడిక తప్పయితే గుర్తించి, కేసుల సెక్షన్లను తీవ్రమైనవీ కానివీ అని విడదీయాలి. అయిదేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడదగిన నేరాలు, బెయిలుకు వీల్లేనివి, హత్య, కిడ్నాప్, అత్యాచారం వంటివి, ఎన్నికల నేరాలు, అవినీతి నిరోధక చట్టం కిందివి తీవ్రమైనవాటిలోకి వస్తాయి. నామినేషన్ల ఉపసంహరణకూ పోలింగుకూ మధ్య దొరికే కొద్ది వారాల్లోనే ఇదంతా పూర్తి కావాలి, లేకపోతే ఆ శ్రమ ఎన్నిక ముగిశాక రాసిన పుస్తకంతో సమానం.

పార్టీల మీద బాధ్యత ఇంకా ఆలస్యంగా వచ్చింది. తమ అభ్యర్థుల కేసుల వివరాలను పత్రికల్లో, టీవీల్లో, సొంత వెబ్‌సైటులో ప్రకటించాలని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 25న చెప్పింది. కేసులు లేని మరొకరిని ఎందుకు నిలబెట్టలేకపోయారో కారణం చెప్పాలనీ, గెలవగలడన్నది ఒక్కటే కారణం కారాదనీ 2020 ఫిబ్రవరి 13న చేర్చింది. తెలుగునాట టికెట్ల పంపిణీ వేళ గెలుపు గుర్రాల వేట గురించి బాహాటంగా మాట్లాడుకునే పార్టీలకు ఇది కొరుకుడు పడని షరతే. ఆ వివరాలు పార్టీ వెబ్‌సైటు మొదటి పుటలోనే కనిపించాలని కోర్టు 2021 ఆగస్టు 10న ఆదేశించింది. ఎన్నికల సంఘం 2022లో అభ్యర్థుల కేసులూ ప్రమాణపత్రాలూ చూపించే కేవైసీ యాప్‌ను తెచ్చింది. 2015 మే నుంచి ఓటింగు యంత్రం మీద అభ్యర్థి ఫోటో కూడా ఉంటోంది, ఒకే పేరున్న ఇద్దరి మధ్య ఓటరు తికమక పడకుండా.

ఈ సమాచారమంతా ఏం సాధించిందన్న ప్రశ్నకు అంకెలు ఇచ్చే జవాబు ఉత్సాహకరంగా లేదు. 2025 మార్చిలో ఏడీఆర్ వెలువరించిన విశ్లేషణ ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 174 మంది శాసనసభ్యుల్లో 138 మంది, అంటే 79 శాతం, తమ మీద క్రిమినల్ కేసులున్నట్టు చెప్పుకున్నారు. దేశంలో ఇదే అత్యధికం. దీన్ని చూసి రాష్ట్రమంతా నేరస్థుల పాలైందనడం తొందరపాటు. ధర్నాలో కూర్చున్నందుకు, ర్యాలీ తీసినందుకు, అధికారంలో ఉన్నవారి కోపానికి గురైనందుకు పెట్టిన కేసులు కూడా ఈ లెక్కలోనివే. హత్యాయత్నం కేసూ రాస్తారోకో కేసూ ఒకే అంకెలో కలిసిపోయినప్పుడు, కేసులున్నవారందరూ ఒకటేనన్న నిర్లిప్తత ఓటరులో పెరుగుతుంది, దానివల్ల లాభపడేవాడు నిజంగా తీవ్రమైన కేసున్నవాడే. సెక్షను, కోర్టులో దశ తెలియకుండా సంఖ్య ఒక్కటే చూపే పట్టిక ఓటరుకు సగం సాయమే చేస్తుంది.

అంతకంటే పెద్ద లోటు గూడూరు నియోజకవర్గం దగ్గర బయటపడుతుంది. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున ఇక్కడ గెలిచిన పాశిం సునీల్‌కుమార్ తరువాత తెలుగుదేశంలో చేరి, 2019లో ఓడి, 2024లో ఆ పార్టీ తరఫునే మళ్లీ గెలిచారు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచిన మాజీ ఐఏఎస్ అధికారి వెలగపల్లి వరప్రసాదరావు అంతకుముందు 2014లో అదే పార్టీ నుంచి తిరుపతి ఎంపీ. 2024లో ఆయన తిరుపతి లోక్‌సభకు బీజేపీ అభ్యర్థి. 2009లో తెలుగుదేశం తరఫున గూడూరు ఎమ్మెల్యే అయిన బల్లి దుర్గాప్రసాదరావు 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున తిరుపతి ఎంపీగా గెలిచి, 2020లో మరణించారు. పార్టీ మారడం చట్టం అనుమతించిన పరిధిలో ఎవరి హక్కు వారిది, అందుకు వారు చెప్పే కారణాలూ ఉంటాయి. చరిత్రకారుడికి ఇక్కడ ముఖ్యమైనది వేరే సంగతి: 1952లో గుర్తు చూస్తే మనిషి తెలిసినట్టే అనుకున్న ఏర్పాటు, సైకిలు మీది మనిషి ఫ్యాను కిందకూ, ఫ్యాను కింది మనిషి కమలం వైపూ, సైకిలు వైపూ నడిచిన చోట ఏమీ చెప్పలేకపోతోంది. ఫారం 26లో ఇప్పుడు నిలబెట్టిన పార్టీ పేరుకు గడి ఉంది, నిన్నటి పార్టీకి గడి లేదు. శాసనసభకు ఎన్ని రోజులు వెళ్లాడో, అక్కడ ఏం అడిగాడో, గత ఎన్నికల్లో ఇచ్చిన మాటల్లో ఏవి నిలబెట్టుకున్నాడో చెప్పే గడి అంతకన్నా లేదు. వాకాడు రైతుకు స్వర్ణముఖి నీళ్ల గురించీ, తూపిలిపాళెం మత్స్యకారుడికి వేట విరామ కాలపు భృతి గురించీ తన అభ్యర్థి నోరు విప్పాడా అన్నది, అతని దగ్గర ఎన్ని తులాల బంగారం ఉందన్నదాని కంటే ముఖ్యం.

భాష సంగతి మరొకటి. ఈ వెబ్‌సైట్లు ప్రధానంగా ఇంగ్లీషులో నడుస్తున్నాయి, ప్రమాణపత్రాల్లోనూ ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే దాఖలవుతున్నాయి. ఫలితంగా వాకాడులో ఆ పట్టికను విప్పి చెప్పేవాడు మళ్లీ ఒక మధ్యవర్తే. అరుగు మీది పెద్దమనిషి స్థానంలో కాలేజీ కుర్రవాడు వచ్చాడు, అంతే. ఆ కుర్రవాడు సాధారణంగా ఏదో ఒక పార్టీ వాట్సాప్ గుంపులో ఉంటాడు కనుక, పట్టికలో ఏ వరుస చూపిస్తాడో, ఏది దాటేస్తాడో ఊహించడం కష్టం కాదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో వాకాడు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు మారింది. గూడూరు శాసనసభ స్థానం, తిరుపతి లోక్‌సభ స్థానం మారలేదు. ఇక్కడి డిగ్రీ కళాశాలలోనో గ్రంథాలయంలోనో నలుగురు కూర్చుని, వచ్చే ఎన్నికల్లో గూడూరు అభ్యర్థుల ప్రమాణపత్రాలను తెలుగులోకి దించి, ప్రతి పేరు పక్కన అతను ఇంతకుముందు నిలబడిన పార్టీలను, గుర్తులను, సభలో చేసిన పనిని చేర్చి పెట్టదలిస్తే, దానికి కావలసిన కాగితాలన్నీ ఇప్పటికే బహిరంగంగా ఉన్నాయి; శాసనసభ చర్చల రికార్డులు, ఎన్నికల సంఘం ఫలితాల నివేదికలు, ఫారం 26 ప్రతులు ఎవరైనా చూడవచ్చు. చేయవలసింది గుమాస్తా పని, పోలింగుకు ముందే.